వాన పుట్టింటికి పోయొచ్చినం

వానకు పుట్టిల్లు ఉన్నదంటే నమ్ముతరా? ఉన్నది, నేను చూసొచ్చిన. కర్ణాటకల పడమటి కొండల మీద ఆగుంబె అనే ఊరు. ఆడి అడవి మనుషులు పుట్టకముందు నుంచి ఉన్నదట. మా వనపర్తిల ఎండకు గొడుగు పట్టుకుంటం. ఆడ ఎండొస్తే గొడుగులు ఆరబెట్టుకుంటరు. పోని వాళ్ల కోసం రాస్తున్న. పోవాలనుకునేటోళ్లు మాత్రం మా అత్త అసుంటి మనిషిని ఎంబడి తీస్కపోవాల్నా వద్దా అన్నది చదివినంక మీరే ఆలోచించుకోండ్రి.

ఎండల పుట్టిన ముచ్చట

నేను వనపర్తిల జాకెట్లు కుడత. నా పక్క దుకాణం షబానాది, గాజులమ్ముతది. ఎండకాలం మధ్యాహ్నాలు ఇద్దరికీ గిరాకి ఉండదు. ఫ్యాన్ కింద కూసుండి ఆమె ఫోన్ల వీడియోలు చూస్తం. గట్ల చూస్తుంటేనే ఆ అడవి కనవడ్డది. చెట్ల మీద పాకురు, పాకురు మీద చెట్లు, వాటి మీద వాన. "పోదామానే?" అన్నది షబానా. "పోదాం" అన్న. ఎండల ఎన్నో అంటం, చల్లవడితే మరుస్తం. ఇది గూడ గంతే అనుకున్న.

గప్పుడే వీపనగండ్ల నుంచి మా మేనత్త నర్సమ్మ ఆకుపచ్చ జాకెట్ గుడ్డ పట్టుకొని వచ్చింది. వచ్చినామె వచ్చినట్టు ఫోన్లకు తొంగి చూసి, "యాడనే ఇది? ఇప్పుడు పడుతున్నదా వాన?" అన్నది.

"ఆడ ఆపమన్నా ఆగదట అత్తా."

అత్త మొఖం మారింది. ఎందుకో మీకు చెప్పాలె. మా దిక్కు వాన రాకపోతే ఆడోళ్లు కప్పతల్లి ఆడతరు. రోకలి నడుమ వేపాకుల మూట కట్టి, అందుల కప్పను పెట్టి, చెరొక దిక్కు భుజాన వెట్టుకొని ఇల్లిల్లు తిరుగుతరు. ఇంటింటోళ్లు దాని మీద బిందెడు నీళ్లు కుమ్మరిస్తరు. వాళ్ల వాడల రోకలి పట్టేది ఎప్పుడూ మా అత్తనే. పోయినేడు గూడ పట్టింది, వాన రాలే. "నర్సమ్మ చెయ్యి గుణం పోయింది" అన్నరు. నవ్వుకుంటనే అన్నరు గని, అప్పటి నుంచి నల్లా కాడికి పోయినా గదే మాట, పెండ్లికి పోయినా గదే మాట. అత్తకు అది ముల్లోలె గుచ్చుకున్నది.

"గదన్నట్టు సంగతి," అన్నది అత్త. "వాన అలిగి పుట్టింట్ల కూసున్నది. కప్పతోటి కబురు పంపితే ఏ కోడలన్న వస్తదా? అత్తగారింటి దిక్కు నుంచి పెద్దమనిషి పోవాలె, మర్యాదగ పిలుచుకరావాలె. నేనొస్త." జాకెట్ గుడ్డ నా చేతిలకెల్లి గుంజుకున్నది. "ఇది కుట్టకు. దీంతోటి పనున్నది."

ఇగ ఆగేది లేదు. రెయిన్‌కోట్లు కొననీకె పోతే దుకాణపాయన మా మొఖాలు ఎగాదిగ చూసి, అటక మీదికెల్లి దుమ్ము దులిపి తీసిండు. మడతలల్ల ఎలుకలు కొరికినయ్. ఒక్కొక్కటి మూడొందలన్నడు. షబానా బొక్కకు ఇంతని బేరం పెట్టి తగ్గించింది. బొక్కలు ఎక్కువున్నదే చవకని మేం గూడ దానికే ఎగవడ్డం. తెలివి అంటే గట్ల ఉండాలె.

మిర్గం కార్తెల ఒక వాన పడ్డది. ఆ పదునుకే బాలయ్య మామ, అంటే మా అత్త పెనిమిటి, మూడెకరాల పత్తి గింజలు పెట్టిండు. ఆ ఎన్క మబ్బు జాడ లేదు. ఇంకో వారం పదొద్దులల్ల పడకపోతే గింజ మన్నులనే మాడిపోతది, మళ్ల కొని మళ్ల పెట్టాలె. మేం ఇంకా ఆలోచిస్తుంటే అత్త మూట కట్టుకొని దుకాణం ముంగట దిగింది. "ఇప్పుడు పోకపోతే ఇంకెప్పుడు పోతం?" అన్నది.

గద్వాల: నీళ్ల డబ్బ

అత్త మూటల జొన్నరొట్టెలు, పల్లిపొడి, పసుపుకుంకుమ, గా ఆకుపచ్చ గుడ్డ ఉన్నయ్. ఇంకొక చేతిల పెద్ద నీళ్ల డబ్బ. నిండుగ.

"అత్తా, మనం పోయేది వాన ఊరికి!"

"వాన ఉంటే తాగేనీళ్లు ఉంటయని ఎవలు చెప్పిండ్రు నీకు?" అన్నది. మేం గూడ పాలమూరోళ్లమే గదా! గద్వాల స్టేషన్ మెట్ల మీద ఆ డబ్బను ముగ్గురం వంతులేసుకొని మోసినం.

రైల్ల మా ఎదురుంగ ఇటిక్యాల పెద్దమనిషి కూసున్నడు. బెంగుళూరుల వాచ్‌మన్ పని చేస్తడట. ఎక్కడికమ్మా అని అడిగిండు. నేను ఏదన్న గుడి పేరు చెప్దామనుకునేలోపు అత్త అననే అన్నది: "వానను పిలుచుకరానీకె."

నాకు సిగ్గైంది. ఆయన నవ్వుతడనుకున్న. నవ్వలే. తువ్వాలతోటి మొఖం తుడుసుకొని, "మా ఇటిక్యాల మీదికెల్లే తీస్కపోండ్రి అక్కా. జర సేపు నిలవెట్టుండ్రి" అన్నడు. అత్త సరే అన్నది. ఇద్దరూ పంచాయితీ తెంపుకున్నట్టు జొన్నరొట్టె చెరిసగం తిన్నరు.

తీర్థహళ్లి బస్సు: చెల్లని ఆధార్

బెంగుళూరుల బండి మారి షిమోగల బస్సెక్కినం. ఊరు దాటినంక రోడ్డుకు రెండు దిక్కుల పోకచెట్లు మొదలైనయ్, సన్నగ, నిటారుగ. బస్సుల కండక్టర్ టికెట్ అనంగనే అత్త దర్జాగ ఆధార్ కార్డు చూపించింది. ఆడోళ్లకు ఫ్రీ గదా! వాళ్ల దగ్గర గూడ ఫ్రీనే గని, వాళ్ల రాష్ట్రపు ఆడోళ్లకు. అత్త వయసుల ఉన్నప్పుడు మిరపకాయలు తెంపనీకె రాయచూరు దిక్కు వలస పోయేది, గా కన్నడం తీసింది బయటికి. కూలి కాడ నేర్చిన భాష. బస్సంత ఇంటుంటే, "మీ ఊళ్లె ఇన్నేండ్లు కూలి చేసిన, మీ మిరపకాయలు తెంపిన, నేను మీ ఆడదాన్ని గాదా?" అని నిలదీసింది.

కండక్టర్ చేతులు జోడిచ్చి నవ్విండు. టికెట్ మాత్రం కొట్టిండు. ఎనక సీట్ల ఒక ముసలామె అత్తకు పోకవక్క, తమలపాకు ఇచ్చింది. అత్త సున్నం డబ్బీ తీసింది. బస్సు దిగేదాక ఇద్దరూ ఎర్రగ నములుకుంట ముచ్చట వెట్టిన్రు.

ఆగుంబె: చూరు కింద బిందెలు

మేం దిగిన ఇల్లు పెంకుటిల్లు. ఇంటామె పేరు సావిత్రక్క. వచ్చినోళ్లకు అర్రలిచ్చి, అన్నం పెట్టి, అడవి చూపిస్తది. ఆమె కన్నడం మాకు అత్తనే తెలుగుల చెప్పేది. ఎన్క పోకతోట ఉన్నది. "బన్ని, బన్ని" అని లోపలికి పిలిచింది. మేం గడపల కాలు వెట్టినమో లేదో, వాన దంచుడు మొదలైంది.

ఆ తర్వాత ఏమైందో నాకు సరిగ తెల్వదు. అత్త సంచి ఆడనే ఇడిసేసి వంటింట్లకు ఉరికింది. బిందె, బకెట్, గంజు, తపేల, ఆఖరికి మజ్జిగ చెంబు దాక తెచ్చి చూరు కింద వరుసవెట్టింది. నేనూ షబానా గూడ ఉరికి అందిస్తున్నం. "అది నిండింది, జరుపు జరుపు! ఇది పెట్టు!" అని ఒకరి మీద ఒకరం ఒర్లుతున్నం. ముగ్గురం నిలువునా తడిసినం. రెయిన్‌కోట్లు సంచులనే ఉన్నయ్. ఎందుకు పడుతున్నం ఈ నీళ్లు అన్న సోయి ఒక్కరికి రాలే.

సావిత్రక్క ఇల్లు కారుతున్నదేమోనని పెంకుల దిక్కు చూసింది. కారుతలేదు. మా దిక్కు చూసింది. అత్త ఆయాసపడుకుంట, "నీళ్లు పోతున్నయ్ గదనే!" అన్నది.

సావిత్రక్క అత్త చెయ్యి పట్టుకొని ఎనక దొడ్లెకు తీస్కపోయింది. ఆడ బాయి. అంచుదాక నిండి, వంగి చేత్తోటి ముంచుకునేటట్టున్నది. అప్పుడు నవ్విందమ్మా ఆమె, నడుం పట్టుకొని! మేం గూడ నవ్వినం. అత్త మాత్రం బిందెలు ఊకెనే పారవోయనియ్యలే. ఒక్కొక్కటి తనే ఎత్తి చెట్ల మొదళ్లల్ల పోసింది, ఆ చెట్లు వద్దు వద్దంటున్నా.

మా నీళ్ల డబ్బను చూసి ఇదేందని అడిగింది సావిత్రక్క. "మా దేశం నీళ్లు" అన్నది షబానా. ఆమె ఇంత పోసుకొని నోట్లె వెట్టుకొని, "ఉప్పగున్నయ్" అన్నది పాపం. బోరు నీళ్లు గదా. గవి తాగి పెరిగినం మేం.

ఆ ఇంట్ల ఉతికిన బట్టలు పొయ్యి మీద దండానికి ఆరేస్తరు. ఎన్ని దినాలైనా ఆరవు, పొగ వాసన మాత్రం బాగ పడుతయ్. మా దిక్కు అరగంటల అప్పడాలోలె అయితయంటే సావిత్రక్క కండ్లు పెద్దగ చేసి, "అదృష్టవంతులు" అన్నది. మమ్మల్ని గా మాట అన్న మొదటి మనిషి ఆమెనే. తిండి బాగుంది. వేడి వేడి బియ్యంరొట్టె, చేమాకుల్ల పిండి చుట్టి ఉడకవెట్టిన చుట్టలు, మిరియాల కషాయం. సాంబార్ల మాత్రం బెల్లం. అత్త ఒక్క ముద్ద తిని, నా చెవుల, "పాయసంల పప్పు పడ్డట్టుంది" అన్నది. పల్లిపొడి మూట ఇప్పింది.

తినేటప్పుడు మామకు ఫోన్ చేసినం. "పడ్డదా?" "లే." "మబ్బు?" "లే. మన్ను కాలుతున్నది." అత్త ఫోన్ పెట్టేసి చూరు దిక్కు చూసింది. బయట వాన ఒక్క తీరుగ పడుతనే ఉన్నది.

అడవిల: ఎవరు దున్నిండ్రు?

మర్నాడు సావిత్రక్క మమ్మల్ని అడవిలకు తీస్కపోయింది. లోపల పట్టపగలు మాపటి ఏలలెక్కుంది. చెట్లు ముగ్గురం చేతులు పట్టుకొని చుట్టినా అందయ్. వాన ఆగినా లోపల ఆగదు. పై ఆకు కింది ఆకుకు, కింది ఆకు మా నెత్తికి ఇచ్చుకుంట పోతది. ఈ చెట్ల తాతముత్తాతలు ఏ రాజులు లేనప్పుడు గూడ ఈడనే ఉన్నయని సావిత్రక్క చెప్పింది. నాగుపాములకు రాజు గూడ ఈడనే ఉంటదన్నది. గా మాట ఇంటి కాడ చెప్తే మేం వచ్చేటోళ్లం గాదు.

పాము కనవడలే, జెలగలు మాత్రం ఇడిసిపెట్టలే. షబానా సల్వార్ పైకి జరిపి, "యా అల్లా!" అని ఒక్క కేక పెట్టింది. పిక్క మీద మూడు. అత్త నిమ్మళంగ సున్నం డబ్బీ తీసి వేలితోటి రాసింది, పటపట రాలినయ్. "వీటికి గూడ పాలమూరోళ్ల నెత్తురే కావల్నా?" అని షబానా ఏడుపు మొఖంతోటే నవ్వింది.

ఎటు చూసినా కప్పలు అరుస్తున్నయ్. అత్త నిలవడి ఇన్నది. "చూసినవా బిడ్డా? ఇన్ని కప్పలు మొత్తుకుంటుంటే మా ఒక్క కప్ప మొర దానికి యాడ ఇనొస్తది?" అన్నది. ఆ మాటకు నేను నవ్విన. అత్త నవ్వలే. చెట్టుకు చెయ్యి ఆనిచ్చి, "ఈడ ఎవరు దున్నిండ్రు? ఎవరు ఇత్తనం పెట్టిండ్రు? గింత వాన ఎవరి పాలైతున్నది? మా మన్నుల గింజ ఎండుతుంటే..." అన్నది. కండ్లల్ల నీళ్లు. వానల తడిసిన మొఖమే గని, అవి వాననీళ్లు కావని మాకు తెలుస్తనే ఉన్నది. అప్పటిదాక నేను వచ్చింది తమాషాకు, మా అత్త వచ్చింది పనికి. ఆ తేడా నాకు ఆడ తెలిసింది.

సావిత్రక్క మమ్మల్ని ఒక వాగు కాడికి తోల్కపోయింది. ఇది పోయి తుంగల కలుస్తది, తుంగ పోయి తుంగభద్ర అయితది, అది మీ దిక్కే వస్తదన్నది. మా అలంపురం పక్కకెల్లి పోయి కృష్ణల కలిసే తుంగభద్రనే!

అత్త తెల్లబోయింది. "గట్లయితే సోమశిల కాడ పుష్కరాలల్ల నేను మునిగింది ఈ నీళ్లల్లనా?" అని వంగి చెయ్యి తడుపుకున్నది. గంతల్నే మళ్ల కోపం. "ఇంటి ముంగటికెల్లి నీళ్లు పంపుతున్నరు గని పిల్లను పంపుతలేరు! ఆ నీళ్లు కింద పోతయ్, మా చేను మిట్ట మీదున్నది."

ఒడి

తిరిగొచ్చేటప్పుడు సావిత్రక్క తోట చూసినం. చెట్ల కింద పచ్చి పోకకాయలు రాలి, తెల్లగ బూజు పట్టి ఉన్నయ్. వాన ఆగక కుళ్లుతున్నయట. మైలుతుత్తం, సున్నం కలిపిన మందు కొట్టాలంటే రెండొద్దులన్న తెరిపియ్యాలె, ఇస్తలేదు. ఆమె ఒక కాయ ఏరి చేతిల తిప్పుకుంట, "మీకు రాదు, మాకు పోదు" అన్నది.

అత్త ఆమెను నిలేసింది. "పెండ్లైన పిల్లను ఇంట్ల ఎన్నొద్దులు పెట్టుకుంటవక్కా? తప్పు నీదే. ఒడి నింపి మాతోటి తోలియ్యి."

అత్త కూలి కన్నడంల ఈ మాట ఎట్లన్నదో గని సావిత్రక్కకు ఎంటనే తెలిసింది. వాళ్లల్ల గూడ బిడ్డను అత్తగారింటికి పంపేటప్పుడు ఒడిల బియ్యం పోస్తరట, మడిలక్కి అంటరు. మన ఒడిబియ్యమే. "తీస్కపోండ్రి తల్లీ, పుణ్యముంటది! కూసుండి కూసుండి నా తోటంత తిన్నది!" అన్నది.

తెల్లారి పొద్దుగాల తానం చేసి అత్త ఆ ఆకుపచ్చ జాకెట్ గుడ్డను వాకిట్ల పనసకొమ్మకు వేసింది. పిల్లకు తెచ్చిన బట్ట పిల్ల కట్టుకోవాలె గదా. చూస్తుండంగనే వాన దాన్ని తడిపి ముద్ద చేసింది. "కట్టుకున్నది" అన్నది అత్త, ఖుషీగ. అప్పుడు అత్తను వాన బదులు పీట మీద కూసుండవెట్టి, సావిత్రక్క ఆమె కొంగుల పసుపు బియ్యం పోసింది. కొబ్బరి, బెల్లం, తమలపాకులు, కుళ్లకుంట మిగిలిన పోకకాయలు పెట్టింది. షబానా లోపలికి పోయి సంచిలకెల్లి ఆకుపచ్చ గాజులు తెచ్చింది. "ఆడపిల్లను బోసి చేతులతోటి పంపుతరా?" అని ఒడిల వేసింది. నేను దర్జీదాన్ని, తడి గుడ్డ పిండి, మడత పెట్టి ఇచ్చిన. నాతోటి అయింది గంతే.

సావిత్రక్క ఆకాశం దిక్కు చెయ్యెత్తి, నిజంగనే బిడ్డను తిట్టినట్టు తిట్టింది: "పో ఇగ! బుద్ధిగుండు. చీటికిమాటికి అలిగి రాకు!"

వాన ఆగుతదేమో అనుకున్నం. ఆగుడు కాదు, రెండింతలైంది. పెంకులు పగులుతయేమో అన్నంత. నాకు నవ్వాగలే. అత్త కొంగు దగ్గరికి పట్టుకొని, "నవ్వకు. ఏడుస్తున్నది. పుట్టిల్లు ఇడిసేటప్పుడు ఏ పిల్లన్న ఏడుస్తది" అన్నది. సావిత్రక్క కండ్లు తుడుసుకున్నది. ఇగ నేను నవ్వుడు బంద్ చేసిన.

తిరుగు దారి

రైల్ల అత్త ఒడిమూట ఒళ్లెనే పెట్టుకున్నది, కిటికీ కాడనే కూసుంటనన్నది. కిటికీ సీటు షబానాది. "పిల్లకు గాలాడాలె, దారి చూసుకోవాలె" అన్నది అత్త. షబానా, "నా సీటు నీ కోడలికిచ్చిన, యాదుంచుకో" అని జరిగింది.

గద్వాలల దిగితే మాడు పగిలే ఎండ. మూడు రెయిన్‌కోట్లు చేతుల పట్టుకొని బస్టాండుల నిలవడ్డ మమ్మల్ని జనం ఎట్ల చూసిన్రో మీరే అనుకోండ్రి. షబానా వనపర్తికి పోయింది. అత్తను ఒంటిగ పంపబుద్ధిగాక నేను వీపనగండ్ల దాక పోయిన.

వాడల అడుగువెట్టంగనే, "ఏదే నర్సమ్మా, వచ్చిందా నీ కోడలు?" అని నవ్విన్రు. అత్త మూటను కొంగు కింద దాసుకొని ఇంట్లకు పోయింది. బాలయ్య మామ మాత్రం చేన్ల తవ్వి తెచ్చిన గింజను అరచేతిల పెట్టి చూపిచ్చి, "ఇంకా పానమున్నది. నాలుగొద్దులు ఓర్సుకుంటదేమో" అన్నడు. అత్త ఆ గింజను శానసేపు చూసింది.

మర్నాడు సావిత్రక్క ఫోన్. గొంతుల సంబురం. మేం పోయిన ఎంటనే తెరిపిచ్చిందట, ఎండ గూడ కొట్టిందట, తోటకు మందు కొట్టుకున్నరట. "మగళు బందళా?" అని అడిగింది. బిడ్డ చేరిందా అని.

అత్త వాకిలి దిక్కు చూసింది. వాకిట్ల మన్ను పొగలు కక్కుతున్నది.

"బందళు, బందళు," అన్నది. "మంచిగ చేరింది. ఏం పరేషాన్ గాకు."

ఫోన్ పెట్టినంక నేను నోరు తెరిచిన. అత్త నా మీదికి గయ్యిన లేసింది. "ఏం చెప్పమంటవే మరి? బిడ్డ ఇల్లు చేరలేదని కన్నతల్లికి చెప్పాల్నా? గుండె పలుగదా ఆమెకు?"

ఒడిబియ్యం తెచ్చుకున్నంక వండి వాడకంత పెట్టాలె. వాన రాలేదని ఆ పని ఆపొద్దన్నది అత్త. గద్వాలకు గాజుల సరుక్కు పోయిన షబానాను గూడ రమ్మన్న. వాకిట్ల పందిరి కింద ఇస్తార్లు పరిచినం. నవ్వినోళ్లంత వచ్చి కూసున్నరు, తిండి కాడ ఎవరికీ పట్టింపు లేదు. అత్త తలెత్తకుంట వడ్డిస్తున్నది.

గప్పుడే ఆటో ఆగింది. షబానా దిగింది, నెత్తి నుంచి కాళ్ల దాక నీళ్లు కారుకుంట. పైన ఎండ, మొత్తం వాడ నోళ్లు తెరుసుకొని చూస్తున్నది.

"యాడ తడిసినవే?" అన్న.

"ఇటిక్యాల కాడ," అన్నది చున్నీ పిండుకుంట. "ఆడ నిలవడి దంచుతున్నది!"

అత్త చేతిల గంటె ఆగిపోయింది. రైలు పెద్దమనిషి మాట నాకూ యాదికొచ్చింది. ఈ వారమంత వానలున్నయని ఫోన్‌ల వాతావరణం పొద్దుగాలనే చూపిచ్చింది గని, ఆ మాట ఆ వాడల చెప్పే ధైర్యం నాకు లేకుండె.

అన్నం సగం గూడ కాలే. పడమటి దిక్కు నల్లవడ్డది, గాలి లేసింది, పందిరి ఆకులు ఎగిరిపోయినయ్. మొదటి చినుకులు ఇస్తార్లల్ల పడ్డయ్. ఒక్కరు లేవలే. వానల కలిసిన పసుపన్నం గట్లనే తింటున్నరు. బాలయ్య మామ ఒక్కడే లేసిండు, చెప్పులు గూడ మరిసి చేను దిక్కు ఉరికిండు.

అత్త వాకిట్ల నడుమ నిలవడి తడుస్తున్నది. ఈసారి ఒక్క బిందె గూడ పట్టలే. నేను ఫోన్ కొంగుల చుట్టుకొని దగ్గరికి పోయిన. నెత్తి మీదికెల్లి కారుతున్న నీళ్లల్ల నవ్వుకుంట, ఏడ్చుకుంట, నా భుజం పట్టుకున్నది.

"సావిత్రక్కకు ఫోన్ కలుపు బిడ్డా," అన్నది. "మళ్ల వచ్చిందని చెప్పు."